తెరచాటు వేలిముద్ర

గుంటూరు, బ్రాడీపేట
14 ఏప్రిల్ 1958

పూజ్యులైన నాయనమ్మ గారికి మనవడు ఇమ్మానియేలు వందనములు.

ఇక్కడ నేను, శాంత, పిల్లలు క్షేమం. మీ మోకాళ్ళకు పంపిన తైలం రాసుకుంటున్నారా, లేక బీరువాలో పెట్టి తాళం వేశారా?

మీతో ఒక ముఖ్యమైన పని పడింది. హైకోర్టు మన గుంటూరు నుంచి హైదరాబాదు తరలిపోయాక ఇక్కడి ప్లీడర్ల సంగతి మీకు తెలియనిది కాదు. పెద్దవాళ్ళు కోర్టు వెంట వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం బార్ రూములో కూర్చుని ఒకరి పేపరు ఒకరం చదువుకుంటున్నాం. అందుకని నేను సత్తెనపల్లి వచ్చి ప్రాక్టీసు పెడదామని, దానితోపాటు నోటరీ పబ్లిక్‌గా నియామకం తెచ్చుకుందామని నిశ్చయించుకున్నాను. ఆ చట్టం అమలులోకి వచ్చి రెండేళ్ళే అయింది. మన తాలూకాలో ఇంకా నోటరీ లేడు. పదేళ్ళు ప్లీడరుగా పనిచేసినవాడే అర్హుడు. నాకు ఆ పదేళ్ళూ నిండాయి.

దరఖాస్తును మెమోరియల్ అంటారు. జిల్లా జడ్జి గారి ద్వారా ప్రభుత్వానికి వెళుతుంది. దాని మీద ఒక మేజిస్ట్రేటు, ఒక బ్యాంకు మేనేజరు, ఒక వర్తకుడు, ఆ ప్రాంతంలో పేరున్న నివాసులు ఇద్దరు సంతకాలు చేయాలి. మేజిస్ట్రేటు గారిదీ బ్యాంకు వారిదీ అయ్యాయి. వర్తకుల తరఫున మిరపకాయల కమీషను కొట్టు పానకాలు గారు చేశారు. నివాసుల్లో ఒకరు మన డాక్టరు గారు. రెండవ సంతకం మీది కావాలని నా కోరిక. మీ బడిలో అక్షరాలు దిద్దిన ఆడపిల్ల లేని ఇల్లు సత్తెనపల్లిలో ఎక్కడుంది?

కాగితం మా గుమాస్తా ఆదాం చేత పంపుతున్నాను. పెన్సిలుతో గుర్తు పెట్టిన చోట సంతకం చేసి అతనికే ఇవ్వండి.

మీ
ఇమ్మానియేలు


సత్తెనపల్లి
20 ఏప్రిల్ 1958

చి. ఇమ్మానియేలుకు నాయనమ్మ దీవెనలు.

ఆదాం వచ్చాడు, మజ్జిగ తాగాడు, సంతకం లేకుండా వెళ్ళాడు. నీ కాగితం నా దగ్గరే ఉంది. “అమ్మగారూ, ఇక్కడొక గీత గీస్తే చాలంటండీ” అన్నాడు. చదవకుండా గీత గీయకూడదని ముప్పయ్యేళ్ళు ఆడపిల్లల వేళ్ళ మీద కొట్టి చెప్పినదాన్ని. ఇప్పుడు నా వేళ్ళ మీద కొట్టేవాళ్ళు లేరని ధైర్యమా నీకు?

కాగితం చదివాను. “ఇతని సత్ప్రవర్తనయు, న్యాయశాస్త్ర పరిజ్ఞానమును మేము బాగుగా ఎరుగుదుము” అని ఉంది. తల్లి పోయిన పసిగుడ్డుగా నా ఒళ్ళోకి వచ్చావు కనుక ప్రవర్తన ఎరుగుదును. పరిజ్ఞానం ఎరగను. ఎరగనిదాన్ని ఎరుగుదునని రాయలేను.

కాబట్టి నోటరీ అంటే ఏమిటో, వాడు చేయవలసిందేమిటో, చేయకూడనిదేమిటో నాకు తెలుగులో రాయి. కరణం ఉన్నాడు, రిజిస్ట్రారు ఉన్నాడు, మేజిస్ట్రేటు ఉన్నాడు. వీళ్ళందరూ చాలక ఇంకొకడు ఎందుకో నాకు తెలియాలి. పాఠం బాగుంటే సంతకం చేస్తాను.

ఇంకొక మాట. పానకాలు గారు నీకెట్లా సంతకం చేశాడు? వంద బస్తాలు తూచినా గుప్పెడు కొసరు వెయ్యని మనిషి. తన కూతురి పెళ్ళి శుభలేఖలు కూడా లెక్కపెట్టి పంచాడు. అట్లాంటివాడు నీకు ఊరికే చేశాడా?

తైలం రాసుకుంటున్నాను. వాసనకు పిల్లి ఇంట్లోకి రావడం మానేసింది. మోకాళ్ళు మాత్రం ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి.

నాయనమ్మ


గుంటూరు
27 ఏప్రిల్ 1958

పూజ్యులైన నాయనమ్మ గారికి వందనములు.

పరీక్ష పెట్టారు గనుక జవాబు రాస్తున్నాను.

నోటరీ అంటే ప్రభుత్వం నియమించిన సాక్షి. సంతకం చేసేవాడు కాగితం పట్టుకుని నోటరీ ఎదుటికి వస్తాడు. నోటరీ కళ్ళారా చూస్తుండగా సంతకం చేస్తాడు. చూశానని నోటరీ తన సంతకం చేసి ముద్ర వేస్తాడు. దాన్ని అటెస్టేషను అంటారు. కాగితంలో ఉన్న మాటలు నిజమని ఆ ముద్రకు అర్థం కాదు. ఫలానా మనిషే వచ్చాడు, ఇష్టపడి చేశాడు అని మాత్రమే అర్థం. కరణమూ రిజిస్ట్రారూ భూమి సంగతి చూస్తారు. నోటరీ మనిషిని చూస్తాడు.

రెండవది అఫిడవిట్. అంటే ప్రమాణం చేసి చెప్పిన మాటల కాగితం. చెప్పినవారిని డిపోనెంటు అంటారు. డిపోనెంటు తన దేవుడి పేరనో ఆత్మసాక్షిగానో ప్రమాణం చేయాలి. చదువు రానివారైతే కాగితమంతా చదివి వినిపించి, వారి భాషలో వివరించి, అర్థమైందని రూఢి చేసుకున్నాకే వేలిముద్ర వేయించాలి. ఆ మనిషెవరో నోటరీకి స్వయంగా తెలియాలి. తెలియకపోతే తెలిసినవారు గుర్తుపట్టి చెప్పాలి.

ఇక హుండీల పని, అంటే వర్తకులు రాసుకునే పైకపు చీటీల సంగతి. పైకం ఇవ్వవలసినవాడు ఇవ్వనంటే, నోటరీ ఆ హుండీ తీసుకువెళ్ళి తాను మరొకసారి అడిగి, వాడి నిరాకరణను రాసి ఇస్తాడు. దాన్ని ప్రొటెస్టు అంటారు. అనువాదాలు సరిచూసి ధ్రువపరచడం కూడా నోటరీ పనే. చేసిన ప్రతి పనీ రిజిస్టరులో ఎక్కించాలి. రేట్ల పట్టీ గోడకు తగిలించాలి. తన స్వలాభం ఇమిడి ఉన్న వ్యవహారంలో ముద్ర వేయకూడదు. సర్టిఫికెట్టు మూడేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. దుర్వర్తన రుజువైతే జాబితాలో పేరు కొట్టివేస్తారు.

నియామకానికి ముందు జిల్లా జడ్జి గారు నోటీసు వేసి అభ్యంతరాలు పిలుస్తారు. ఎవరైనా చెప్పుకోవచ్చు. మన మీద ఎవరు చెబుతారు లెండి.

పానకాలు గారు నా మీది అభిమానంతోనే చేశారు. ఇకనైనా సంతకం చేస్తారా?

మీ
ఇమ్మానియేలు


సత్తెనపల్లి
9 మే 1958

చి. ఇమ్మానియేలుకు దీవెనలు.

జవాబు బాగా రాశావు. నూటికి నూరూ వేసి సంతకం చేద్దామని కలం తీశాను. అప్పుడే మన వీధి సైదాబీ వచ్చింది. కలం మూత పెట్టేశాను. ఎందుకో చదువు.

వస్తూనే గుమ్మంలో చతికిలబడి, “ఏందమ్మా నీ మనవడు! మా వాకిట్లోకొచ్చి, మంచం మీద కూచుని, టీ తాగి, నన్ను పలకరించకుండా పోతాడా? వాణ్ణి చంకనేసుకుని తిప్పిన నడుం ఇది. ఇంకా నెప్పెడతానే ఉంది” అని తగులుకుంది.

“వాడు మీ ఇంటికి ఎప్పుడొచ్చాడే?”

“కాయలు కల్లంలో ఎండబోసినప్పుడు. నేను కల్లంలోనే ఉన్నా. కబురంపితే పరిగెత్తుకొచ్చేదాన్ని గదా. మా తోడికోడలు నసీమున్నీసా చెప్పింది, నీ లాయరు బిడ్డ వచ్చి పొలం కాగితం మీద వేలేయించుకుపోయాడక్కా అని.”

“నువ్వు కల్లంలో ఉంటే నీ వేలెట్లా వేశావు?”

“నేనెక్కడ వేశా? మిరపకాయల్లో పడి నా వేళ్ళ తోలు లేచిపోయిందిగా. ముద్ర పడదని మా మరిది పీరు అన్నాడంట. అందుకని నసీమే వేసింది. సర్కారోళ్ళు పేరు రాసుకోడానికంటగా. ఎవరి వేలైతే ఏం, ఇంటి వేలేగా అందంట. తెర సందులోంచి బయటికి పెట్టిందంట. నవ్వీ నవ్వీ చెప్పింది.”

“తెరా? మీ ఇంట్లో తెరేమిటే?”

“అదే నేనూ అడిగా. నా దుప్పటే కట్టారమ్మా! మళ్ళీ మడత కూడా పెట్టలా.”

నాకు నవ్వు రావలసిన చోటే. రాలేదు.

ఇమ్మానియేలూ, సైదాబీకి గోషా ఎప్పటి నుంచిరా? తూకంలో తేడా వస్తే కాటా దగ్గర నిలబడి ఆమె అరిచే అరుపు రైలు స్టేషను దాకా వినిపిస్తుంది. ఆమె నెత్తి మీద కొంగు నిలవడం ఆమె నిఖా రోజున చూశాను, మళ్ళీ చూడలేదు. ఎవరో వచ్చి ముస్లిముల ఇల్లు, తెర ఉంటుంది అంటే, ఆ వాకిట్లో గోళీలాడి పెరిగిన నువ్వు నమ్మి కూర్చున్నావా?

ఆమె భర్త మస్తాను బతికుండగా, నిఖానాడు ఒప్పుకున్న మెహరు సొమ్ము కింద ఆమెకు రాసిచ్చిన ఎకరన్నర చేను అది. మస్తాను పోయాక పీరు ఆ చేను తనదంటే, ఆమె మునసబు కోర్టులో దావా వేసింది. ఆమెకు ఆ చేను తప్ప వేరే ఆధారం లేదు. పిల్లలు లేరు.

ఆ కాగితం ఏమిటి? నువ్వు సమాధానం రాసేదాకా ఆమెతో ఏమీ అనను. ఆ తరువాత అంటాను.

నాయనమ్మ


గుంటూరు
15 మే 1958

పూజ్యులైన నాయనమ్మ గారికి వందనములు.

వృత్తిలో బయటికి చెప్పకూడని సంగతులుంటాయి. మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను.

అది సైదాబీ దావాలో అఫిడవిట్. ఆమె, పీరు ఇద్దరూ పెద్దమనుషుల సమక్షంలో రాజీపడినట్టు, చేను పీరుదేనని ఒప్పుకుని దావా వదులుకున్నట్టు అందులో ఉంది. కోర్టు అఫిడవిట్లను ఆ కేసులో లేని ప్లీడరు ఎవరైనా ప్రమాణం చేయించి అటెస్టు చేయవచ్చు. పానకాలు గారు అడిగితే నేను వెళ్ళాను. తెర కట్టి ఉంది. లోపల ఉన్నది సైదాబీ అని సొంత మరిది పీరు గుర్తుపట్టి చెప్పాడు. కాగితమంతా స్పష్టంగా చదివాను. “ఆఁ, తెలిసింది” అని లోపలి నుంచి జవాబు వచ్చింది. చెయ్యి బయటికి వచ్చింది, ముద్ర పడింది. పరాయి ఇంటి ఆడవాళ్ళ తెర పైకెత్తడం మర్యాద కాదు. నేను చేయవలసిందంతా చేశాను. మోసం జరిగి ఉంటే అది పీరు చేసిన మోసం.

వేసవి సెలవుల తరువాత కోర్టు తెరవగానే ఆ అఫిడవిట్ విచారణకు వస్తుంది. మెమోరియల్ కూడా అప్పుడే పోవాలి. ఇప్పుడు ఈ మాట బయటపడితే నోటరీ సంగతి అటుంచి నా ప్లీడరీ సన్నదు నిలవడమే కష్టం. పిల్లలు చిన్నవాళ్ళు.

సైదాబీకి అన్యాయం కానివ్వను. పీరుతో మాట్లాడి ఏటా తిండిగింజలు ఇప్పిస్తాను. దయచేసి మీరు ఆమెకు ఏమీ చెప్పవద్దు.

మీ
ఇమ్మానియేలు


సత్తెనపల్లి
24 మే 1958

చి. ఇమ్మానియేలుకు.

చెప్పాను.

తన చేనుకు తాను తిండిగింజలు ముష్టిగా తెచ్చుకునే ఏర్పాటు నీకు న్యాయంగా తోచింది. నా బడిలో చదివి ఉంటే నీకట్లా తోచేది కాదు. మగపిల్లలను చేర్చుకోకపోవడం ఆ బడి చేసిన పొరపాటు.

సైదాబీ మొత్తం విన్నది. మొదట నమ్మలేదు. పీరును తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. కాసేపు గుమ్మం పట్టుకుని నిలబడి, “అమ్మా, ఇది బయటికొస్తే అబ్బాయి పేరు పోద్దా?” అంది.

“పోతుంది” అన్నాను.

“నల్లకోటు వేసుకోనియ్యరా?”

“ఏమో. కొన్నాళ్ళు వేసుకోనివ్వకపోవచ్చు.”

“అయితే వద్దులే.”

“ఏమిటే వద్దు? చేను పోతుందే పిచ్చిదానా!”

“చేను ఎక్కడికి పోద్దమ్మా, కళ్ళెదురుగానే ఉంటది. బిడ్డ పేరు పోతే మళ్ళీ తేలేం గదా. నేను కూలికి పోతా. ఎన్ని కల్లాలు లేవు?”

“నేను కోర్టుకు వచ్చి చెబుతాను.”

“చెప్పు. వేలు నాదేనని నేను చెబుతా. ఎవరి మాట వింటారో చూద్దాం.”

నలభయ్యేళ్ళుగా ఆమె నా మాటకు ఎదురు చెప్పడం మామూలే. నేను ఓడిపోవడం ఇదే మొదటిసారి. అర్థమవుతున్నదా నీకు? నిన్ను కాపాడటానికి ఆమె దొంగ ప్రమాణం చేస్తానంటున్నది. ఆ పాపం కూడా నీ ఖాతాలోకే వస్తుంది.

పానకాలు గారి అభిమానం ఎక్కడిదో కూడా తెలుసుకున్నాను. ఆ చేను రోడ్డు పక్కది. అక్కడ ఆయన గోడౌను కట్టుకోవాలి. చేను పీరు పేరున పడితే మరుసటి రోజే కొంటాడు. సైదాబీ తరఫున దావా వేసిన ప్లీడరు ఇప్పుడు ఆయన కొట్లోనే కూర్చుని తమలపాకులు నములుతున్నాడు. మీరంతా సర్దుకున్నారు. దుప్పటి ఒక్కటే పాపం ఆమెది.

నీ మెమోరియల్ మీద నోటీసు పడిన రోజున నా అభ్యంతరం అందజేస్తాను. ముందుగా నీకు చెప్పి చేస్తున్నాను. కానీ దానివల్ల ఆమె చేను నిలవదు. కోర్టులో ఆమె నోరు తెరవదు. నా మాట చెల్లదు. నసీమున్నీసాను పీరు పుట్టింటికి పంపేశాడు. మిగిలింది నువ్వు.

ఒకటే అడుగుతున్నాను. అన్నం తినడానికి రమ్మని వీధి ఆ చివర నుంచి నిన్ను పిలిచిన గొంతు అది. ఆ రోజు తెర వెనక నుంచి “ఆఁ, తెలిసింది” అన్నది ఆ గొంతేనా?

నాయనమ్మ


గుంటూరు
2 జూన్ 1958

నాయనమ్మ గారికి.

ఉత్తరం అందింది. మెమోరియల్ కాగితం తిరుగు టపాలో పంపండి. రెండవ సంతకం వేరేవారి చేత చేయించుకుంటాను. అభ్యంతరం చెప్పే హక్కు మీకు ఉంది.

ఇమ్మానియేలు


సత్తెనపల్లి
6 జూన్ 1958

చి. ఇమ్మానియేలుకు దీవెనలు.

కాగితం ఇందులో ఉంది. మడతలు నలగకుండా అట్ట పెట్టాను. నీ ఉత్తరంలో వందనములు కనబడలేదు. టపాలో ఎక్కడో జారిపోయి ఉంటాయి. నేను అడిగినదానికి జవాబు కూడా వాటితోనే పడిపోయినట్టుంది.

మొన్న తొలకరి పడింది. పీరు ఆ చేలో అరక కట్టాడు. ఈ ఏడు పత్తి వేస్తాడట. సైదాబీ గట్టు మీద నిలబడి చూస్తున్నది. కాసేపు చూసి కూలికి వెళ్ళిపోతుంది. ఆమె మాట్లాడకపోతే మా వీధి వీధిలాగా లేదు.

శాంతను, పిల్లలను అడిగినట్టు చెప్పు. వాళ్ళ మీద నాకు అభ్యంతరాలు లేవు.

నాయనమ్మ


గుంటూరు
28 జూన్ 1958

పూజ్యులైన నాయనమ్మ గారికి వందనములు.

నిన్న సత్తెనపల్లి వచ్చాను. రైలు దిగి నేరుగా కోర్టుకు వెళ్ళాను. సాయంత్రం బండికి తిరిగి వచ్చేశాను. మీ ఇంటి ముందు నుంచే వెళ్ళాను గానీ లోపలికి రావడానికి కాళ్ళు రాలేదు.

పీరు తరఫు ప్లీడరు అఫిడవిట్ చదివాడు. మునసబు గారు, “వాది హాజరా?” అన్నారు. సైదాబీ చెట్టు కింద నుంచి లేచి లోపలికి వచ్చింది. “ఈ వేలిముద్ర నీదేనా?” అని అడిగారు. “నాదేనయ్యా” అంది. ఆమె ఆ మాట అన్నాక నేను లేచాను. అది అటెస్టు చేసింది నేనని, ప్రమాణం చేసి చెప్పవలసిన మాట ఉందని అన్నాను. నన్ను బోనెక్కించారు. ఆ బోనులో నిలబడిన ఎంతోమందిని ప్రశ్నలు అడిగాను. అక్కడ నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదని నాకు నిన్ననే తెలిసింది.

తెర తీయించలేదని చెప్పాను. మనిషిని చూడలేదని చెప్పాను. పలికిన గొంతు సైదాబీది కాదని ఆ క్షణంలోనే నాకు తెలుసునని చెప్పాను. నాయనమ్మా, మీ ప్రశ్నకు అదే జవాబు. తెలుసు. పానకాలు గారు నా పక్కనే కూర్చుని ఉన్నారు. మెమోరియల్ కాగితం ఆయన జేబులో ఉంది. ఆయన ఇంకా సంతకం చేయలేదు. నేను ఇటు ముద్ర వేయించాక, అక్కడే అదే మంచం మీద ఆయన అటు సంతకం చేశారు.

నేను ఇంకా మాట్లాడుతుండగానే సైదాబీ కేకలు మొదలుపెట్టింది. “వాడికి తెలవదయ్యా, వాడు పిల్లోడు! వేలేసింది నేనే! రాసుకోండి!” అని. మునసబు గారు సిరా పలక తెప్పించి, పక్కన ముద్ర వేయమన్నారు, పోల్చి చూస్తామని. ఆమె పిడికిలి బిగించి చెయ్యి వెనక్కు పెట్టుకుంది. బంట్రోతు అడిగినా ఇవ్వదు. అమీను అడిగినా ఇవ్వదు. కోర్టంతా నవ్వుతున్నారు.

నేను బోనులోంచే, “సైదమ్మా, చెయ్యి ఇవ్వు” అన్నాను.

నా వంక చూసింది. అంత కోపం ఆమె ముఖంలో ఎన్నడూ చూడలేదు. ఒక్కొక్క వేలే విప్పింది.

ముద్రలు కలవలేదు. అఫిడవిట్ కొట్టివేశారు. దావా నడుస్తుంది. నా సంగతి జిల్లా జడ్జి గారికి రాస్తామన్నారు. మెమోరియల్ ఈ నెల మధ్యలోనే దాఖలు చేశాను. ఇప్పుడు ఉపసంహరించుకుంటే గౌరవంగా ఉంటుందని స్నేహితులు అంటున్నారు. మీరు ఏమంటారు?

మీ
ఇమ్మానియేలు


సత్తెనపల్లి
5 జులై 1958

చి. ఇమ్మానియేలుకు దీవెనలు.

ఉపసంహరించుకోవద్దు. అది మళ్ళీ ఇంకొక తెర. నోటీసు వెయ్యనీ, పిలవనీ, అడగనీ. అడిగినప్పుడు కోర్టులో చెప్పినట్టే చెప్పు.

నేను మాత్రం అభ్యంతరం మానను. కోర్టులో నిజం చెప్పావు, సైదాబీ దావా నిలబడింది. ఆ మాట విని చాలాసేపు ప్రార్థనలో కూర్చున్నాను. కానీ నిజం చెప్పినందుకు బహుమతిగా ఇచ్చేది కాదు కదా నోటరీ ముద్ర. రేపు ఇంకొకడు పానకాలు, ఇంకొక దుప్పటి. ఎవరి చేతిలో పడినా ఆ ముద్రను జనం నమ్మాలి. ఇవాళ నిన్ను నేను నమ్ముతాను. తాలూకా అంతటినీ నిన్ను నమ్మమని చెప్పడానికి నాకు ఇంకా ధైర్యం చాలదు.

ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. కళ్ళజోడు మార్చుకుని రాశాను. అయినా కష్టంగానే ఉంది.

ఈసారి వస్తే గుమ్మం దాటి లోపలికి రా. ఈ మోకాళ్ళతో నేను ఎదురు రాలేను.

నాయనమ్మ


గుంటూరు
19 నవంబరు 1958

పూజ్యులైన నాయనమ్మ గారికి వందనములు.

నిన్న జిల్లా జడ్జి గారు పిలిపించారు. బల్ల మీద మీ అభ్యంతర పత్రం ఉంది. మీ దస్తూరీ దూరం నుంచే గుర్తుపట్టాను. ఆయన అది రెండు సార్లు చదివి, “ఈ దీనమ్మ గారెవరు? మీకూ వారికీ ఏమైనా పాత తగాదాలున్నాయా?” అన్నారు.

“మా నాయనమ్మ అండి. నన్ను పెంచింది ఆవిడే” అన్నాను.

ఆయన పత్రం మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. “ఇందులో రాసింది నిజమేనా?” అన్నారు.

“ఒక్క అక్షరం తేడా లేదండి.”

మెమోరియల్ తిరస్కరించవలసిందిగా ప్రభుత్వానికి రాస్తున్నారు. సన్నదు మీద విచారణ వేరేగా జరుగుతుంది. ఏం తేలుతుందో తెలియదు. సత్తెనపల్లిలో బోర్డు పెట్టే మాట ఇక లేదు. ఇక్కడా కక్షిదారులు తగ్గారు. నేను కనబడితే బార్ రూములో ఇదివరకు నడిచే మాటలు ఆగిపోతున్నాయి. శాంత ఏదైనా అంటే బాగుండునని ఉంటుంది.

మీ మీద కోపం లేదని రాయాలనుకున్నాను. ఉంది. కొంత కాలం పడుతుంది.

మీ
ఇమ్మానియేలు


సత్తెనపల్లి
22 ఫిబ్రవరి 1959

చి. ఇమ్మానియేలుకు దీవెనలు.

క్రిస్మసుకు నువ్వు రాలేదు. ఉత్తరమూ లేదు. కోపానికి కాలం పడుతుందని రాశావు కనుక అడగలేదు. నాకిప్పుడు కాలం తక్కువగా ఉంది కనుక రాస్తున్నాను.

కేసు ముదిరితే జైలుకు పోతానని పీరు భయపడ్డాడు. రాజీకి వచ్చి, చేను సైదాబీదేనని కోర్టులో ఒప్పుకున్నాడు. వేసిన పత్తి కూడా ఆమెకే వదిలేశాడు. ఈసారిది నిజమైన రాజీ. ఆమె స్వయంగా వెళ్ళి, మునసబు గారు చదివిన ప్రతి మాటకూ రెండు ప్రశ్నలు వేసి, ఆయన విసుక్కున్నాక వేలిముద్ర వేసిందట. పానకాలు గారు గోడౌను నరసరావుపేట రోడ్డులో కడుతున్నాడు. అట్లాంటివాళ్ళకు స్థలాలు ఎక్కడైనా దొరుకుతాయి.

ఆ వాకిలి మాత్రం రెండయింది. మధ్యన కంప నాటారు. నసీమున్నీసా తిరిగి వచ్చింది గానీ కంప ఇటు వైపు చూడదు. నువ్వు చదివిన కోర్టు భాష అర్థం కాని ఆ పిల్ల తెలిసి చేసిన తప్పు ఏమీ లేదు. అది ఎవరూ ఆమెకు చెప్పలేదు.

నేను చెప్పుకోవలసినది వేరే ఉంది. క్రిస్మసు ముందు సైదాబీ వచ్చి, “అబ్బాయికి ఆ ముద్ర ఉద్యోగం వచ్చిందా?” అంది. రాదన్నాను. “ఎవరు అడ్డం పడ్డారు? పానకాలేనా?” అంది. అబద్ధం ఆడటానికి నాకు వీలుంది. ఎవరూ ప్రమాణం చేయించలేదు. కానీ, “నేనే రాశానే” అన్నాను.

నన్ను ఎగాదిగా చూసింది. “నా చేను నాకొచ్చింది. వాడు నిజం చెప్పాడు. ఇంకేం కావాలమ్మా నీకు? బిడ్డ నోటికాడ కూడు తీశావు” అంది. కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నా గుమ్మం ఎక్కలేదు. చర్చికి వెళుతూ ఎదురుపడితే పక్కకు తప్పుకుంటుంది. ఆమెకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. అనుకోగలిగితే వెళ్ళి ఆ మాట చెప్పి పిలుచుకు వచ్చేదాన్ని. అదీ నా చిక్కు.

నా కాళ్ళు ఇక వీధి చివరి దాకా నడవవు. పగలంతా కుర్చీలో కూర్చుని ఉంటాను. వీధిలో ఆమె అరుపులు వినిపిస్తాయి. కూరగాయల వాళ్ళతో, కోళ్ళతో, ఈ మధ్య కంపతో కూడా మాట్లాడుతున్నది. నాతో తప్ప.

నీ కోపం తగ్గిందని నాకు రాయమని అడగను. నాకు కాదు, సైదాబీకి ఒక ఉత్తరం రాయి. ఆమె పేరున, ఆమె ఇంటికి. ఆమెకు చదువు రాదు. నీ ఉత్తరాన్ని ఈ ఊళ్ళో ఇంకెవరి చేతా చదివించుకోదు, అది నాకు బాగా తెలుసు. పట్టుకుని నా దగ్గరికే రావాలి. ఎదురుగా కూర్చోవాలి. నేను చదవడం అయ్యేదాకా లేవకూడదు.

ఏం రాసినా సరే. నన్ను తిడుతూ రాసినా ఉన్నది ఉన్నట్టే చదివి వినిపిస్తాను.

పొడుగ్గా రాయి.

నాయనమ్మ